గాలి సార్ విమానంలో నా ఎనిమిది బటన్లు

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో ఇళ్లు రెండే రకాలు: ఫ్యూజు ఇళ్లు, బ్రేకరు ఇళ్లు. బోడుప్పల్‌లో మేముండే వీధి మొత్తం ఫ్యూజు వీధి. వరండాలో మీటరు, దాని కింద పింగాణీ ఫ్యూజు, పక్కన మేకుకి వేలాడే తీగ చుట్ట. వానాకాలం వస్తే ఆ ఫ్యూజు తీగ కాలని వారం ఉండేది కాదు. నాన్న లారీ మీద ఊళ్లు తిరిగేవాడు కాబట్టి, స్టూలెక్కి కొత్త తీగ చుట్టే ఉద్యోగం పన్నెండో ఏటే నాకు దఖలు పడింది. ఒక తీగ చుడితే మళ్లీ పోతోందని తెలివిగా మూడు తీగలు మెలేసి చుట్టేదాన్ని. (అలా చుడితే ఫ్యూజు బతికి ఇల్లు కాలుతుందని డిప్లొమాలో చేరాక గానీ తెలియలేదు. అప్పటికే మా వీధిలో పదకొండు ఇళ్లకు చుట్టి ఉన్నాను. ఒక్క ఇల్లూ కాలలేదంటే అది వాళ్ల మంచితనం.) ఉప్పల్ వైపు అప్పుడప్పుడే లేస్తున్న అపార్ట్‌మెంట్లలో మాత్రం తెల్లటి పెట్టె, అందులో వరసగా బుల్లి మీటలు. కరెంటు పోతే వేలితో ఒక మీట పైకెత్తితే చాలు, ఫ్యాను తిరిగేది. స్టూలు లేదు, తీగ లేదు, మీటరు వెనక బల్లి లేదు. ఫ్యూజంటే పేదరికం, బ్రేకరంటే అపార్ట్‌మెంటు అని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. ఆ తీర్మానాన్ని తీసుకెళ్లి ఏకంగా ఒక విమానంలో అమలు చేశాను. అందరం క్షేమంగా బయటపడ్డాం కాబట్టే ఇప్పుడింత తీరిగ్గా రాయగలుగుతున్నాను.

డిప్లొమా అయ్యాక నాచారంలో ఒక చిన్న యూనిట్‌లో చేరాను. మందుల ఫ్యాక్టరీల్లో పెద్ద మోటార్లను నడపడానికి బీరువాల్లాంటి ఇనప పెట్టెలు ఉంటాయి. వాటి లోపల వైర్లు బిగించడం మా పని. అప్పుడప్పుడు ఆ ఫ్యాక్టరీలకు వెళ్లి నడిపించి చూపించేవాళ్లం. అక్కడ మోటారు ఆగితే సూపర్‌వైజరు అరిచే మాట ఒకటే: "ముందు బ్రేకర్ ఎత్తు, తర్వాత మాట్లాడు!" ఎందుకు పడిందన్నది ఎవరికీ పట్టదు, మోటారు తిరగాలి, అంతే. నా వేలు ఎంత చురుకంటే బ్రేకరు కింద పడిన టప్‌కీ నేను ఎత్తిన టప్‌కీ మధ్య సందు ఉండేది కాదు. ఆ వేలంటే నాకు చాలా గర్వం.

ఒకరోజు మా యూనిట్‌కి పాత స్కూటరు మీద ఒక పెద్దాయన వచ్చి, సన్నటి వైరు కావాలన్నారు. వైరు కొనేవాళ్లు పొడుగు అడుగుతారు. ఈయన జేబులోంచి చిన్న త్రాసు తీసి బరువు చూశారు. ఎందుకు సార్ అంటే, "ఎగరాలి కదమ్మా" అన్నారు. విమానాలు బాగుచేసే చోట ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి నాచారంలోనే స్థిరపడ్డారు. నడపడానికి లైసెన్సు కూడా ఉంది. ఇన్నాళ్లూ పరాయివాళ్ల విమానాలకు బోల్టులు బిగించాను, నాదంటూ ఒకటి కట్టుకుంటానని, అద్దె షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం మొదలుపెట్టారు. కనబడ్డవాళ్లందరికీ గాలి రెక్కను ఎలా పైకి లేపుతుందో అరచెయ్యి ఊపుతూ చెప్పేవారు గనక ఆ గల్లీ మొత్తానికి ఆయన గాలి సార్. మా ఓనరు నన్ను చూపించి, "ఈ అమ్మాయి చెయ్యి శుభ్రంగా ఉంటుంది, శనివారం మధ్యాహ్నాలు పంపిస్తాను" అన్నాడు. అలా ఇరవై రెండేళ్లకు నేను విమానం ఎలక్ట్రీషియన్ని అయిపోయాను.

ఇంట్లో విమానమని చెప్పే ధైర్యం లేకపోయింది. అమ్మ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి "యేసయ్యా" అని గానీ రెండో కాలు పెట్టేది కాదు. "ఒక సార్ బండికి వైరింగ్ జేస్తున్ననమ్మా" అన్నాను. "ఏం బండి బిడ్డా?" అంది. "ఇద్దరు కూసునేది" అన్నాను. అమ్మ ఆటో అనుకుంది. నేను కాదనలేదు. ఆ ఆదివారం నుంచి చర్చిలో నా ఉద్యోగం, నాన్న లారీ, సార్ ఆటో, మూడింటి కోసమూ వరసగా ప్రార్థన జరిగేది.

షెడ్డులో మొదటిసారి చూసినప్పుడు అది నిజంగానే ఆటోలా ఉంది. షెడ్డు ఇరుకు, అందుకని రెక్కలు రెండూ విడిగా గోడకు ఆనించి ఉన్నాయి. రేకు పనంతా చేసేది రివిట్ అన్న. బస్సు బాడీలు కట్టే చోట పదిహేనేళ్లు రివిట్లు కొట్టిన మనిషి. ఆయన కొట్టిన బస్సులెక్కి నేను కాలేజీకి వెళ్లానని తెలిశాక నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్నాడు. షెడ్డుకు ఆనుకుని మసాలా పొడుల యూనిట్. దాని పుణ్యమా అని విమానం రెక్కలు, సీట్లు, సార్ టోపీ, అన్నీ కారం వాసన వేసేవి. ముగ్గురిలో ఎవరో ఒకరు తుమ్మకుండా ఏ మాటా పూర్తయ్యేది కాదు.

అసలు తగువు మూడో శనివారం వచ్చింది. సార్ ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె నా ముందు పెట్టారు. దాన్నిండా కార్లలో వాడే రంగురంగుల ఫ్యూజులు. నా మొహం మాడిపోయింది. ఇంత చదువు చదివి, ఇంత దూరం వచ్చి, ఆకాశంలోక్కూడా ఫ్యూజేనా!

"సార్, అన్ని పెద్ద విమానాల్లోనూ బ్రేకర్ బటన్లు ఉంటాయి కదా. తప్పు జరిగితే బటన్ బయటికొస్తుంది, నొక్కితే మళ్లీ కరెంటొస్తుంది. గాల్లో ఫ్యూజు పోతే ఏం చేస్తారు? సంచీలో ఇంకోటి వెతుక్కుంటారా?"

"వెతుక్కోను. అది లేకుండానే వచ్చి దిగుతాను."

"దిగేదాకా సార్?"

"అమ్మాయ్, ఇంజనుకి కావలసిన నిప్పు ఇంజనే పుట్టించుకుంటుంది, నీ కరెంటుతో దానికి పనిలేదు. రేడియో పోతే మాట్లాడను. లైటు పోతే పగలే కదా. ఏది పోయినా దిగగలిగేలాగే కడుతున్నాం. ఇక మళ్లీ నొక్కడమెందుకు?" ఆయన ఒక తుమ్ము తుమ్మి అందుకున్నారు. "బటన్ పక్కనుంటే మనిషి ఊరుకోలేడు. నొక్కుతాడు. ఫ్యూజు కాలిపోయిందంటే ఇక చేసేదేం లేదని నమ్ముతాడు."

నాకది రిటైరైన మనిషి చాదస్తంలా తోచింది. రివిట్ అన్నను పంచాయితీకి పిలిచాను. ఆయన నేను తెచ్చిన బ్రేకరు బటన్‌నూ సార్ ఫ్యూజుల డబ్బానూ అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, గీ బటన్లు వరసగ పెడితే మస్తుగుంటది. సూడనీకి పెద్ద ఇమానం లెక్కనే గొడ్తది. గా ఫ్యూజుల డబ్బా ఏంది సార్, టిఫిన్ డబ్బా లెక్క" అన్నాడు. ఇద్దరం కలిసి రెండు వారాలు సాధించాం. మూడో వారం నేను రంగు పెన్సిళ్లతో బొమ్మ కూడా గీసుకొచ్చాను. చివరికి సార్, "సరే, ముందు నేల మీద నడిపి చూద్దాం" అన్నారు. (ఆయన ఒప్పుకున్నారని నేననుకున్నాను. 'నేల మీద' అన్న మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.) ప్యానెల్ రేకులో ఎనిమిది గుండ్రటి రంధ్రాలు, ఎనిమిది నల్లటి బటన్లు, ఒక్కోదాని కింద నా ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు. ఆ వరస ఎదురుగా నిలబడి నేను తిన్న సమోసా రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఇంజను నడిపి చూసే రోజు విమానాన్ని షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి నెట్టి, తోకను తాడుతో ఇనప స్తంభానికి కట్టాం. రెక్కలు లేవు, కాబట్టి ఎగిరే ప్రమాదం లేదని అన్న నాకు ధైర్యం చెప్పాడు. సార్ ఎడమ సీట్లో, నేను కుడి సీట్లో, ఇద్దరికీ చెవులకు హెడ్‌ఫోన్లు. రివిట్ అన్న ఇసుక బకెట్టు పట్టుకుని పక్కన. ఇంజను అందుకుంది. ముందున్న పంకా గాలి మమ్మల్ని తోసుకుంటూ వెనక్కి వెళ్లింది. వెనకేముందో ఎవరం చూడలేదు. ప్రహరీ పక్కన మసాలా యూనిట్ వాళ్లు టార్పాలిన్ మీద మిరపకాయలు ఆరబోశారు. గాలికి కాయలు లేచాయి, కాయలతో పాటు అడుగునున్న కారం దుమ్మూ లేచింది, గోడకు కొట్టుకుని గిర్రున తిరిగి సరిగ్గా మా మొహాల మీదికి వచ్చింది. సార్ కళ్లు మూసుకుపోయాయి. నాకు ముక్కూ నోరూ మండిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే మూడో బటన్, అదనపు పెట్రోలు పంపుది, టప్‌మని బయటికొచ్చింది.

నేనేమీ ఆలోచించలేదు. అదే నా తప్పు, అదే నా సంజాయిషీ. వేలు వెళ్లింది, నొక్కింది. మళ్లీ బయటికొచ్చింది, మళ్లీ నొక్కాను. ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారి నొక్కాక బటన్ లోపలే ఉండిపోయింది, గెలిచాననుకున్నాను. ఆ కారం ఘాటులో వైర్లు మాడుతున్న వాసన నాకు తెలియనే లేదు. ప్యానెల్ కిందినుంచి పొగ మోకాళ్ల మీదికి వచ్చినప్పుడు కూడా ముందు అది మసాలా దుమ్మే అనుకున్నాను. సార్ కళ్లు తెరవకుండానే తడుముకుంటూ పెద్ద స్విచ్ పట్టుకుని కట్టేశారు, ఇంజనూ ఆపేశారు. పొగ చూసిన రివిట్ అన్న "చెల్లే, దిగు!" అని అరుస్తూ, నేను దిగేలోపే బకెట్టెడు ఇసుక మా ఇద్దరి మీదా కుమ్మరించాడు. పంకా ఆగింది. గోడ అవతల మసాలా యూనిట్ ఆడవాళ్లు, ఇవతల మేము ముగ్గురం, అందరం తుమ్ముతున్నాం. కాసేపటిదాకా నాచారంలో ఇంకే శబ్దమూ లేదు.

ప్యానెల్ విప్పి చూశాను. వైర్ల కట్ట ప్యానెల్ వెనక రేకుల్లో ఎనిమిది రంధ్రాల గుండా వెళ్తుంది. రేకు అంచు వైర్లను కొయ్యకుండా ప్రతి రంధ్రానికీ రబ్బరు రింగు వెయ్యాలి. ఏడు రంధ్రాలకు వేసి, ఎనిమిదోదానికి నేను మరిచిపోయాను. ఇంజను వణుకుడికి రేకు అంచు పంపు వైరు తొక్కను తినేసింది. బటన్ బయటికి రావడమంటే, ఇక్కడ తప్పుంది తల్లీ చూడు అని చెప్పడం. నేను నొక్కిన ప్రతిసారీ లోపల మెరుపు మెరిసి పక్క వైరుని కాల్చింది. ఎనిమిదీ కరిగి ఒకే జడలా అల్లుకుపోయాయి. అక్కడికి జానెడు దూరంలో పెట్రోలు గొట్టం.

సార్ మొహం కడుక్కుని, ఎర్రటి కళ్లతో ఆ జడను చాలాసేపు చూశారు. "ఎన్నిసార్లు నొక్కావమ్మా?" అన్నారు.

"ఒక్కసారే సార్" అన్నాను.

"ఊఁ" అన్నారు. ప్రతిసారీ నేను బయల్దేరేటప్పుడు "వచ్చే శనివారం" అనేవారు. ఆ రోజు అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నా జడ విప్పి దువ్వుతుంటే చారెడు ఇసుక రాలింది. "ఆటోల ఇసుక యాడికెల్లొచ్చె బిడ్డా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను: అది విమానమని, రబ్బరు రింగు మరిచిపోయానని, నాలుగు నొక్కులని, ఒక్కటని అబద్ధం చెప్పానని. అమ్మ దువ్వెన పక్కన పెట్టింది. విమానం గురించి తిడుతుందనుకున్నాను.

"ఎన్ని నెలల సంది జేస్తున్నవ్?"

"అయిదు నెలలు."

"అయిదు నెలల సంది నేను దేవుని ముంగట ఆటో ఆటో అని మొత్తుకుంటున్ననా?" అంది. అమ్మ మొహంలో కోపం కాదు, అవమానం. "గాయన ఏమనుకోవాలె నన్ను?" మళ్లీ దువ్వెన అందుకుని, "శనివారం నేనొస్త. ఆ సార్‌కు నిజం జెప్పు. నువ్వు జెప్పకుంటె నేను జెప్త" అని తేల్చేసింది.

ఆ శనివారం ఉప్పల్ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి నాచారానికి బస్సు. అమ్మ షెడ్డులోకి వచ్చి విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీనికి రెక్కలేవి?" అంది. రివిట్ అన్న తడబడుతూ, "గోడకు ఆనిచ్చినం అమ్మా" అన్నాడు. అమ్మ గోడకేసి చూసి, సార్‌కేసి చూసి, నన్ను మోచేత్తో పొడిచింది.

"సార్," అన్నాను. "ఒక్కసారి కాదు సార్. నాలుగు సార్లు నొక్కాను. రింగు కూడా నేనే మరిచిపోయాను."

"తెలుసమ్మా" అన్నారు సార్. "నా కళ్లు మూసుకుపోయాయి గానీ చెవులు పనిచేస్తున్నాయిగా. నువ్వు నొక్కినప్పుడల్లా హెడ్‌ఫోన్లలో టప్‌మంది. నాలుగు లెక్కపెట్టేసరికి స్విచ్చు దొరికింది." టోపీ తీసి ఇసుక దులిపారు. (వారమైనా ఇసుక రాలుతూనే ఉంది.) "నొక్కుతావని నాకు ముందే తెలుసు. నీ వయసులో నేనూ నొక్కాను. అందుకే నేల మీద చూద్దామన్నాను. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం నిన్ను దీన్ని మళ్లీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాను. రేపు గాల్లోకి వెళ్లేవాణ్ణి నేను కదా."

అమ్మ మాత్రం వదల్లేదు. "సార్, మరి ఇప్పుడు బటన్లా, ఫ్యూజులా?" అంది.

"మీరే చెప్పండమ్మా."

"నా బిడ్డ చేతికందనిది ఏదుంటె గది పెట్టుండ్రి" అంది అమ్మ. ఆ షెడ్డులో జరిగిన చర్చలన్నిటిలోనూ తీర్పు అంటే అదొక్కటే.

ఫ్యూజుల డబ్బా సీటు వెనక బిగించాం. ఎగురుతుండగా ఎవరి చెయ్యీ అక్కడికి పోదు. వైర్లన్నీ మొదట్నుంచీ మళ్లీ వేశాను, రబ్బరు రింగులు రెండుసార్లు లెక్కపెట్టాను, మూడోసారి అన్న చేత లెక్కపెట్టించాను. ప్యానెల్ మీద మిగిలిన ఎనిమిది రంధ్రాలకూ ఆయన రేకు బిళ్లలు వేసి రివిట్లు కొట్టాడు. చూడ్డానికి అచ్చం బస్సు బాడీలా తయారైంది. "పెద్ద ఇమానం పాయె, పెద్ద బస్సాయె" అని నిట్టూర్చాడు.

కాగితాలు, అనుమతులు, తనిఖీలు అయ్యేసరికి ఏడాది దాటింది. ఘట్‌కేసర్ దాటాక ఒక చిన్న రన్‌వే దొరికింది. ఎగిరి చూసిన మొదటి రెండు రోజులు అంతా సవ్యంగా జరిగింది. మూడో రోజు అమ్మ కూడా వచ్చింది. సార్ ఒక్కరే ఎక్కారు. నా చేతిలో చిన్న రేడియో. ఆయన పైకి లేచి, ఎడమకు తిరిగి, "అమ్మాయ్, ఇక్కణ్ణుంచి మీ అమ్మగారి చీర..." అన్నారు. అంతే. రేడియో మూగబోయింది. నేను పిలిచాను. మళ్లీ పిలిచాను. విమానం దూరంగా చెట్ల వైపు చుక్కలా పోతోంది. నాకు కళ్ల ముందు పొగ, కరిగిన జడ. మళ్లీ ఏం మరిచిపోయాను? ఏ రంధ్రం? రివిట్ అన్న, "ఫికర్ జేయకు చెల్లే" అంటూనే ఇసుక బకెట్టు అందుకున్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది. ఈసారి ఆటో అనలేదు, స్పష్టంగా విమానం అంది.

చుక్క పెద్దదైంది. చుట్టు తిరిగి వచ్చింది. మెత్తగా, పూలు దించినట్టు చక్రాలు నేలకు ఆనాయి. సార్ దిగి నవ్వుతూ వచ్చారు. "రేడియో ఫ్యూజు పోయింది. చెయ్యడానికేమీ లేక చుట్టూ చూస్తూ కూర్చున్నాను. ఎంత బావుందనుకున్నావ్!" అన్నారు. నేను రేడియో వైరు కొస నుంచి కొస దాకా పరీక్షించాను. వైరు బాగుంది. రింగు ఉంది. రేడియో పెట్టె విప్పితే దాని లోపల ఏదో చిన్న ముక్క కాలి ఉంది.

"నా బిడ్డ తప్పు లేదు గద సార్?" అంది అమ్మ.

"లేదమ్మా. మీ అమ్మాయి వైరింగు బంగారం."

నేను రన్‌వే పక్కన గడ్డిలో కూలబడి ఏడ్చాను. అన్న నా పక్కన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అమ్మ తన టిఫిన్ విప్పి అందరికీ పులిహోర పెట్టింది, సార్‌కు రెండుసార్లు.

కొన్ని నెలల తర్వాత, అమ్మ ఒప్పుకున్నాకే, సార్ నన్ను ఎక్కించుకుని తిప్పారు. ఆ ప్రయాణం గురించి ఇన్నేళ్లుగా ఎందరికో చెప్పాను. పైనుంచి రైలు పట్టాలు జడపిన్నుల్లా ఉన్నాయని, చెరువు అద్దంలా మెరిసిందని, అమ్మా అన్నా రెండు ఆవగింజల్లా కనిపించారని. మా పిల్లలకైతే మబ్బు చల్లదనం కూడా వర్ణించాను. సార్ ఇప్పుడు లేరు, ఆ విమానం ఎవరి దగ్గరుందో తెలియదు. ఇక దాచి లాభం లేదు. గాల్లో ఉన్న పదకొండు నిమిషాలూ నేను రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాను. చక్రాలు నేలకు తగిలాక తెరిచి, "చాలా బావుంది సార్" అన్నాను. "ఊఁ" అన్నారాయన. అంత కష్టపడి ఆకాశం దాకా వెళ్లిన ఆ పిచ్చిపిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క కన్నయినా తెరిచి చూడవే అని ఇక్కణ్ణుంచి కేకెయ్యాలనిపిస్తుంది.